కార్బన్ హ్యాండిలా, అల్యూమినియం హ్యాండిలా: డబ్బు పెట్టేముందు చూసుకోవలసినవి

మెటీరియల్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ బండి హ్యాండిల్‌ని ఫోర్కు టీ (ముందు ఫోర్కు గొట్టాల్ని పైన కలిపే ప్లేటు) మీద బిగించే క్లాంపు దగ్గర వెర్నియర్, అంటే సన్న కొలతలు తీసే స్కేలు, పెట్టి కొలవండి. క్లాసిక్ 350 అయినా, పాత హిమాలయన్ 411 అయినా అక్కడ 22 మిల్లీమీటర్లు వస్తుంది. పక్కాగా చెప్పాలంటే 22.2, అంటే అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు. కేటీఎం 390 అడ్వెంచర్ లాంటి వాటికి 28.6. మనవాళ్ళు ‘ఫ్యాట్ బార్’ అనేది దీన్నే. లావంతా మధ్యలోనే ఉంటుంది, గ్రిప్పుల దగ్గరికి వచ్చేసరికి అది కూడా సన్నబడి 22.2కే వస్తుంది కాబట్టి పాత లివర్లు, స్విచ్‌లు సరిపోతాయి. హార్లీ లాంటి క్రూజర్లది మాత్రం వేరే దారి, వాటికి 25.4 ఉంటుంది. ఆర్15 లాగా రెండు ముక్కల హ్యాండిల్ ఉన్న బండైతే ఈ గొడవ మీది కాదు.

నేను గాజువాకలో టూవీలర్ షెడ్డు నడుపుతాను. స్టీలు ప్లాంటు షిఫ్టు బండ్ల దగ్గర్నుంచి వారం వారం అరకు ఘాట్ ఎక్కి దిగే కుర్రాళ్ళ బండ్ల దాకా అన్నీ వస్తాయి. ఈ మధ్య ఫోనులో ఒక నల్లటి హ్యాండిల్ బొమ్మ చూపించి “అన్నా, ఇది కార్బన్. ఇది గట్టిదా, అల్యూమినియం గట్టిదా?” అని అడగడం ఎక్కువైంది. ఏది గట్టిది అనే దగ్గరే ఆగిపోతే తప్పు సరుకు కొంటారు. దెబ్బ తగిలాక అది ఏమవుతుంది, ఆ దెబ్బ మీకు కనబడుతుందా, ఇవి అడగాలి.

దానికంటే ముందు ఇంకో మాట. కంపెనీ ఇచ్చిన ఇనుప హ్యాండిల్ చెడ్డది కాదు. బరువు ఎక్కువ, తుప్పు పడుతుంది, అంతే. పడితే వంగుతుంది. కొంచెం వంగితే పొడుగు పైపు తొడిగి బెండు తీసేస్తాం, మళ్ళీ ఊరు చేరతారు. ఆఫీసుకీ ఇంటికీ తిరిగే బండికి హ్యాండిల్ మార్చడానికి అసలు కారణం చేతులకో నడుముకో నొప్పి అయి ఉండాలి. ఆ నొప్పి తగ్గేది కూడా మెటీరియల్‌తో కాదు, హ్యాండిల్ ఎత్తు, వెడల్పు, వెనక్కి వచ్చే వంపుతో. సెంటర్ స్టాండ్ వేసి, సీటు మీద మామూలుగా కూర్చుని, కళ్ళు మూసుకుని రెండు చేతులూ ముందుకి చాపండి. భుజాలు బిగబట్టకుండా చేతులు ఎక్కడ ఆగాయో పక్కనున్న మనిషి చేత చూపించుకోండి. ఇప్పుడున్న గ్రిప్పుకీ ఆ చోటుకీ తేడా ఎంతో టేపు పెట్టి రాసుకోండి. రెండు సెంటీమీటర్లు వెనక్కి కావాలని తేలితే, రైజర్లు, అంటే హ్యాండిల్ కింద ఎత్తుకి పెట్టే ముక్కలు, మారిస్తేనే పని అయిపోవచ్చు. హ్యాండిల్ డబ్బులు మిగులుతాయి.

సరే, హ్యాండిలే మార్చాలనుకున్నారు. కార్బన్ వైపు లాగేది మొదట బరువు. లెక్క వేసి చూడండి. హ్యాండిల్ 80 సెంటీమీటర్ల గొట్టం, బయటి కొలత 22.2 అనుకుందాం. ఇనుము అయితే 2 మిల్లీమీటర్ల మందంతో దాదాపు 800 గ్రాములు తూగుతుంది. అల్యూమినియానికి మందం రెట్టింపు చేసి 4 పెట్టినా అర కేజీ. అదే కొలతలతో కార్బన్ అయితే 300 గ్రాములు. ఇనుము నుంచి అల్యూమినియానికి వస్తే 300 గ్రాములు మిగిలాయి. అక్కడి నుంచి కార్బన్‌కి వెళ్తే ఇంకో 200. క్లాసిక్ 350 బరువు 195 కేజీలు. పొద్దున్న బంకులో పావు లీటరు పెట్రోలు తక్కువ పోయించుకున్నా ఇంచుమించు అంతే తగ్గుతుంది.

సైకిళ్ళకి కార్బన్ హ్యాండిల్ వాడుతున్నారు కదా అంటారు. వాడతారు, అక్కడ దానికి అర్థం ఉంది. అంతర్జాతీయ పోటీల్లో రోడ్డు సైకిల్ కనీస బరువు 6.8 కేజీలని ప్రపంచ సైక్లింగ్ సంఘం యూసీఐ నిబంధన. ఏడు కేజీల బండిని మనిషి కాళ్ళతో కొండ ఎక్కించాలంటే 200 గ్రాములు లెక్కలోకి వస్తాయి. అక్కడ ఇంజను లేదు, 195 కేజీల బండి పక్కకి ఒరిగి రోడ్డు మీద పడేదీ లేదు.

రెండో కారణం వైబ్రేషన్. ఇందులో నిజం ఉంది. కార్బన్, దాన్ని పట్టి ఉంచే ఎపాక్సీ జిగురు కలిసి చిన్న చిన్న అదురులను లోహం కంటే బాగా మింగుతాయి. అయితే సింగిల్ సిలిండర్ బండి మీద 80 దాటాక అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయంటే, నేను మొదట చూసేది ఇంజను మౌంటింగ్ బోల్టులు, తర్వాత కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు), ఆ తర్వాత హ్యాండిల్ చివర్లలో బరువులు ఉన్నాయా లేదా అని. ఆ బరువులు ఊరికే అందానికి పెట్టినవి కావు. హ్యాండిల్ ఏ స్పీడు దగ్గర ఎక్కువ అదురుతుందో ఆ స్పీడునే అవి మార్చేస్తాయి. వందల్లో అయిపోయే పని కోసం వేలు పోయడం ఎందుకు?

దెబ్బ తగిలాక

అసలు తేడా ఇక్కడుంది కాబట్టి నెమ్మదిగా చెప్తాను.

బండి పడితే నేలని మొదట తాకేది హ్యాండిల్ చివర. ఆ దెబ్బంతా క్లాంపు అంచు దగ్గరికి చేరుతుంది, ఎందుకంటే అక్కడి నుంచే గొట్టం బయటికి చాచి ఉంటుంది. మంచి అల్యూమినియం హ్యాండిల్ అయితే ఆ అంచు దగ్గర వంగుతుంది. బండి లేపి ఎదురుగా నిలబడి చూస్తే ఒక గ్రిప్పు కిందికో వెనక్కో కనబడుతుంది. అంటే దాని పని అయిపోయిందని దానంతట అదే చూపించింది. మెల్లగా ఇంటికి వచ్చి కొత్తది వేయించుకోవాలి. ఇనుముకి చేసినట్టు దీనికి బెండు తీయకూడదు. గ్యాస్ మంట పెట్టి వేడి చేసి అసలే తీయకూడదు. ఈ హ్యాండిళ్ళ మీద ‘టీ6’ అని ఉంటుంది. అంటే లోహాన్ని ఒక పద్ధతిలో వేడి చేసి, చల్లార్చి, మళ్ళీ సన్నని వేడిలో ఉంచి బలం తెప్పించారని. వెల్డింగ్ షాపు మంట తగిలితే ఆ బలం పోతుంది, చూడ్డానికి మాత్రం అలాగే ఉంటుంది. మోటార్ సైకిల్ పందేలు చూసే ఎఫ్‌ఐఎం కూడా తన రూల్ బుక్కులో అల్యూమినియం లాంటి తేలిక లోహాల హ్యాండిళ్ళను వెల్డింగ్‌తో రిపేరు చేయడం నిషేధించింది.

అల్యూమినియానికి ఇంకో గుణం కూడా ఉంది. ఇనుము ఒక హద్దు లోపల ఎన్నిసార్లు అదిరినా అలిసిపోదు. అల్యూమినియానికి ఆ హద్దు లేదు, అది లోలోపల కొద్దికొద్దిగా అలిసిపోతూనే ఉంటుంది. దానికి గీతలు తోడైతే ఇంకా త్వరగా. అందుకే బండి సర్వీసుకి వచ్చినప్పుడల్లా క్లాంపు అంచుల చుట్టూ పెట్రోలు అద్దిన గుడ్డతో తుడిచి, టార్చి పక్కవాటుగా వేసి చూస్తాను. పగులు మొదలైతే తల వెంట్రుక అంత సన్నగా, నల్లగా, గొట్టానికి అడ్డంగా ఉంటుంది. గోరుతో గీస్తే తగులుతుంది. గీత లేకుండా అంచు చుట్టూ నల్లటి జిడ్డు పొడి మాత్రం ఉంటే, హ్యాండిల్ క్లాంపులో కదులుతోందని. బోల్టులు బిగిస్తే చాలదు, విప్పి లోపల చూడాలి. పగులు కనబడితే ఆ బండిని నేను నడిపి ఇవ్వను, నడపనివ్వను కూడా.

ఇక కార్బన్. అది సన్నటి కార్బన్ పోగుల్ని పొరలు పొరలుగా పరిచి ఎపాక్సీతో అతికించినది. పోగుల వరసలో లాగితే దాని బలానికి సాటి లేదు. తయారుచేసేవాడు పోగుల్ని ఏ దిక్కున పరిచాడో ఆ దిక్కునే ఆ బలం. అడ్డంగా నొక్కితే, అంటే క్లాంపు పిండినా, క్లచ్ లివర్ బిగింపు పిండినా, బండి పడ్డప్పుడు రాయి మొన తగిలినా, పొరకీ పొరకీ మధ్య అతుకు విడిపోతుంది. పైన వార్నిష్ మీద చిన్న గీత తప్ప ఏమీ కనబడదు. హ్యాండిల్ నిటారుగానే ఉంటుంది, చేతికి మామూలుగానే ఉంటుంది. తర్వాత ఎప్పుడో, అనంతగిరి దిగుతూ ముందు బ్రేకు గట్టిగా పట్టి శరీరం బరువంతా చేతుల మీదకి వచ్చినప్పుడు, విరుగుతుంది. వంగడం ఉండదు.

రూపాయి బిళ్ళతో కొట్టి వినే పద్ధతి ఒకటుంది. బాగున్న చోట టిక్ టిక్ అని ఖంగుమంటుంది, పొర లేచిన చోట టప్ టప్ అని బోలుగా వినిపిస్తుంది. పనికొచ్చే పరీక్షే, కానీ బోలు శబ్దం వస్తే పారేయడానికి పనికొస్తుంది, మంచి శబ్దం వస్తే నమ్మడానికి పనికిరాదు. పైగా క్లాంపు కింద ఉన్న భాగం మీద కొట్టలేరు. నిజంగా తెలుసుకోవాలంటే అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేయాలి, అది మన షెడ్డుల్లో జరిగే పని కాదు. కాబట్టి కార్బన్ వేసుకున్నవాళ్ళకి నేను చెప్పే షరతు ఒకటే. బండి ఒక్కసారి పడినా, నిలబెట్టిన చోటే ఒరిగి పడినా, హ్యాండిల్ మార్చాలి. ఆ ఖర్చుకి ఇప్పుడే సిద్ధమైతే కొనుక్కోండి.

నిజంగా కార్బనేనా

ఆన్‌లైన్లో రెండు మూడు వేలకి ‘కార్బన్ హ్యాండిల్’ అని అమ్మేది దాదాపు ఎప్పుడూ కార్బన్ కాదు. ఒక రకం అల్యూమినియం గొట్టం మీద కార్బన్ అల్లిక డిజైన్ ఉన్న ఫిల్మును నీళ్ళ మీద తేల్చి ఎక్కించినది. ఇంకో రకం ఇనుప గొట్టం మీదే అంటించినది. మూడోది, అల్యూమినియం మీద నిజమైన కార్బన్ గుడ్డ ఒక్క పొర చుట్టి వార్నిష్ కొట్టినది. ఈ మూడోదే ఎక్కువమందిని మోసం చేస్తుంది, ఎందుకంటే పైన ఉన్నది నిజమే.

అయస్కాంతం పెడితే ఇనుప సరుకు అక్కడే దొరికిపోతుంది. ఫిల్మ్ అయితే వంపుల దగ్గర చూడండి, డిజైను గడులు రబ్బరులా సాగి పెద్దవవుతాయి. తర్వాత చివర బిరడా తీసి గొట్టం లోపలికి టార్చి వేయండి. లోపల వెండిలా మెరిస్తే అది లోహం. నిజమైన కార్బన్ లోపల కూడా మాసిన నలుపే. ఇంకా అనుమానం ఉంటే లోపలి అంచుని చిన్న ఆకురాయితో ఒక్కసారి తాకించండి. నల్లటి పొడి రాలితే కార్బన్, మెరిసే పొడి రాలితే అల్యూమినియం. ఆ పొడిని ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. ఊపిరితిత్తుల్లోకి పోయే రకం అది.

అల్యూమినియంలోనూ డూప్లికేట్లున్నాయి. రెంథాల్, ప్రోటేపర్ లాంటి పేరున్న హ్యాండిల్ కంపెనీల పేర్లు వేసి ఎలాంటి లోహమో తెలియని గొట్టాలు వస్తాయి. పేరు కంటే లోహం గ్రేడు అంకె చూడండి. 6061-టీ6 అయితే శాశ్వతంగా వంగిపోయే ముందు దాదాపు 275 మెగాపాస్కళ్ళ ఒత్తిడి తట్టుకుంటుంది. 7075-టీ6 అయితే 500 దాకా తట్టుకుంటుంది. 2014-టీ6 ఈ రెంటి మధ్యలో ఉంటుంది. గ్రేడు ఎక్కడా రాయని హ్యాండిల్ నేను బిగించను. వీలుంటే 28.6 లావుది తీసుకోండి. గొట్టం బిగువు వ్యాసం ఘనం లెక్కన, అంటే వ్యాసాన్ని దానితోనే మూడుసార్లు హెచ్చవేసినట్టు, పెరుగుతుంది కాబట్టి, మందం అంతే ఉన్నా 22.2 కంటే 28.6 గొట్టం వంపుని రెట్టింపుకి పైగా తట్టుకుంటుంది. దానికి తగిన క్లాంపులు, రైజర్లు విడిగా కొనాలి. సందు కూర్చడానికి రేకు ముక్కలు పెట్టే పని మాత్రం పెట్టుకోకండి.

మన ఎండ, మన సముద్రం

విశాఖలో ఉండేవాళ్ళకి ఇది ముఖ్యం, కాకినాడ, మచిలీపట్నం వాళ్ళకి కూడా. కార్బన్ విద్యుత్తుని పోనిస్తుంది. కార్బనూ అల్యూమినియమూ ఒకదానికొకటి ఆనుకుని, మధ్యలో ఉప్పు తేమ చేరితే చిన్న బ్యాటరీలాగా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది. తినబడేది హ్యాండిల్ కాదు, దాన్ని పట్టుకున్న క్లాంపు. రుషికొండ వైపు రోజూ తిరిగే బండి క్లాంపు విప్పితే లోపల తెల్లటి సున్నం లాంటి పొడి కనబడేది ఇందుకే. మంచి తయారీదారులు బిగింపు చోట గాజు పోగుల పొర ఒకటి వేసి ఆ రెంటినీ విడదీస్తారు. మీరు కొనేదానికి అది ఉందో లేదో అడగండి. అమ్మేవాడు తెల్లమొహం వేస్తే అదే జవాబు. స్విచ్‌ల వైర్లు కార్బన్‌కి రాసుకుని ఇన్సులేషన్ పోతే షార్ట్ కూడా అవుతుంది. ఎండకి పైన వార్నిష్ పసుపెక్కి పొరలు లేస్తే అడుగున ఎపాక్సీకి ఎండ తగులుతుంది. బ్రేక్ ఆయిల్ చుక్క పడితే వెంటనే నీళ్ళతో కడగాలి, ఆ ఆయిల్ ఉండే మాస్టర్ సిలిండర్ సరిగ్గా హ్యాండిల్ మీదే ఉంటుంది.

అల్యూమినియానికైతే ఆనడైజింగ్, అంటే కరెంటుతో ఎక్కించిన గట్టి ఆక్సైడు పొర, ఉన్నది తీసుకుంటే చాలు.

బిగించేటప్పుడు

పాత హ్యాండిల్ విప్పేముందు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి, కేబుళ్ళు ఏ సందులోంచి వెళ్ళాయో అందులో కనబడాలి. చాలా బండ్ల స్విచ్ డబ్బాల లోపల చిన్న ప్లాస్టిక్ మొన ఉంటుంది, అది పాత హ్యాండిల్ మీది రంధ్రంలో కూర్చుంటుంది. కొత్తదానికి ఆ రంధ్రం ఉండదు. డ్రిల్లు తీయకండి. కార్బన్‌కి అది చావు దెబ్బ, అల్యూమినియానికి పగులు పుట్టే చోటు. ఆ మొననే ఆకురాయితో అరగదీసి, కింద ఒక చుట్టు టేపు వేసి బిగిస్తే స్విచ్ కదలదు.

క్లాంపు పైముక్కల్లో చాలావాటి మీద ఒక చుక్క గుర్తు ఉంటుంది, మామూలుగా అది ముందువైపు ఉండాలి. కొన్ని బండ్లకి ముందు బోల్టులు పూర్తిగా బిగించి సందంతా వెనక వదలాలి, కొన్నింటికి రెండు వైపులా సమాన సందు ఉండాలి. మాన్యువల్ చూడండి. ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్టులకి 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు మామూలు, కానీ మీ మాన్యువల్లో ఉన్న అంకే మీ అంకె. టార్క్ రెంచి లేకుండా కార్బన్ జోలికి పోవద్దు. కార్బన్ తయారీదారు తక్కువ బిగింపు చెప్తే, జారకుండా సైకిల్ షాపుల్లో దొరికే గరుకు పేస్టు రాయాలి. గ్రీజు రాయకూడదు. క్లాంపు లోపలి అంచుల్లో మొన ఉంటే ముందే సన్నటి ఎమెరీ కాగితంతో గుండ్రం చేయండి.

క్లచ్, బ్రేక్ లివర్ల బిగింపుని మాత్రం రాయిలా చేయకండి. చేత్తో గట్టిగా నెట్టితే తిరిగేటంత ఉండాలి. బండి పడినప్పుడు లివర్ తిరిగి తప్పుకుంటుంది, లివరూ విరగదు, హ్యాండిల్‌కి గాటూ పడదు. మట్టి దారుల్లో తిరిగేవాళ్ళు ఆ బిగింపు కింద ప్లంబింగ్‌కి వాడే తెల్ల టేపు రెండు చుట్లు వేస్తారు. అది కూడా పనిచేస్తుంది.

చివరల్లో బిరడాలు గానీ బరువులు గానీ తప్పకుండా ఉండాలి. తెరిచి ఉన్న గొట్టం చివర పడినప్పుడు కడుపులో దిగుతుంది.

తర్వాత బండి స్టాండు వేసి, ఇంజను స్టార్టు చేసి, న్యూట్రల్లో వదిలి, హ్యాండిల్ కుడికి పూర్తిగా, ఎడమకి పూర్తిగా తిప్పండి. ఇంజను శబ్దం ఏ వైపైనా పెరిగిందంటే రేస్ కేబుల్ లాగుతోందని, రూటు మార్చాలి లేదా పొడుగు కేబుల్ వేయాలి. బ్రేక్ హోసు బిగుసుకోకూడదు, గ్రిప్పు పట్టుకున్న వేళ్ళు ట్యాంకుకి నలగకూడదు. యాభై కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్ళీ ఒకసారి చూసుకోండి.

చట్టం సంగతి కూడా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా తెచ్చే మార్పులు చేయొద్దంటుంది. ఆర్‌సీలో హ్యాండిల్ గురించి రాయరు. అయినా అద్దాలు పీకేసి, హ్యాండిల్ మరీ వెడల్పు చేసి రోడ్డెక్కితే పోలీసుతో వాదన తప్పదు, క్లెయిము వచ్చినప్పుడు ఇన్సూరెన్సు వాళ్ళతో కూడా.

నన్ను అడిగితే, లేహ్ వెళ్ళే బండికీ మారేడుమిల్లి వెళ్ళే బండికీ లావు అల్యూమినియం హ్యాండిలే బిగిస్తాను. షోలో నిలబెట్టే బండి అయినా, పడితే మార్చే స్తోమత ఉండి ట్రాక్ మీద మాత్రమే తిప్పే బండి అయినా, కాగితాలతో సహా పేరున్న తయారీదారు కార్బన్ తెస్తే సంతోషంగా బిగిస్తాను.

విప్పిన పాత హ్యాండిల్ వంగినదైతే, పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చేముందు హాక్సాతో మధ్యకి కోసేయండి. లేకపోతే పాలిష్ కొట్టి మళ్ళీ ఎవరికో అమ్ముతారు. అల్యూమినియానికి తూకం డబ్బులు వస్తాయి. విరిగిన కార్బన్‌ని ఎవడూ కొనడు, దాన్ని కాల్చకుండా, ఆ విరిగిన అంచుకి టేపు చుట్టి చెత్తబండిలో వేయండి. ఆ పోగులు వేలిలో దిగితే తీయడం చాలా కష్టం.